తుమ్మ గోంద్, దాదా రోష్నాయి

మా దాదా ఖురాన్ షరీఫ్ జిల్ద్ ఊడిపోయింది. మొదటి ఖాళీ వరఖు విడిగా వచ్చేసి, నిలువునా చిరిగింది. పిల్లలు పుట్టిన తారీఖులన్నీ దాదా దాని మీదే రాసుకున్నారు. అబ్బా పేరు, తారీఖు సరిగ్గా చిరుగు మీద పడి, అంచులు ముడుచుకుని చదవడానికి రావడం లేదు. బడి రికార్డులో అబ్బాకు ఉన్నది టీచరు అందాజుగా వేసిన జులై ఒకటి.

"సెల్లోటేపు వేసెయ్ భాయ్‌జాన్" అంది చెల్లెలు. టేపు కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, పీకితే అక్షరాలతో సహా లేచొస్తుంది. మైదా లేయీ గట్టిదే కానీ దానికి పురుగులు పడతాయి. పాత జిల్ద్‌సాజులు అందుకే అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం. పిల్లలు వేలు తడి చేసుకుని వరఖులు తిప్పే ఇల్లు మాది.

మిగిలింది తుమ్మ బంక. మన ఇళ్లలో గోంద్ అంటాం, జచ్చాకు లడ్డూల్లో వేసి పెడతాం. చెట్టు నుంచి కారేదంతా ఒకటి కాదు. గుగ్గిలం నీళ్లలో కరగదు, గోంద్ కరుగుతుంది. అదే దాని ఖూబీ: రేపెవరైనా అతుకు విప్పాలంటే తడి బట్ట చాలు.

నల్లతుమ్మ బెరడుకు గాటు పడ్డచోట కారి ఎండిన ముద్దల్లో తేనె రంగువే ఏరాను. నల్లబారినవి కాగితానికి మరక చేస్తాయి. దంచి, పలుచని బట్టలో మూటగట్టి, ఒక వంతుకు రెండు వంతుల నీళ్లలో రాత్రంతా వేలాడదీశాను. బెరడు పేళ్లు మూటలోనే ఉండిపోయాయి. ఒట్టి గోంద్ ఆరితే పెళుసు, అందుకని రెండు చుక్కల తేనె. బూజు పట్టకుండా రెండు లవంగాలు.

అసలు ముష్కిల్ రోష్నాయితో వచ్చింది. దాదా మదర్సాలో పిల్లలతో తఖ్తీ రాయించేవారు, సిరా ఎప్పుడూ కొనలేదు. దీపం మసిని గోంద్ నీళ్లలో నూరేవారు. ఇన్నేళ్లు ఆ మసిని కాగితానికి పట్టి ఉంచింది ఈ బంకే. అంటే నా జిగురులోని తడి అబ్బా పేరును కరిగించేయగలదు. ఒక నుఖ్తా అంచుకు తడి దూది తాకించాను. దూది నల్లబడింది.

అందుకని వెనకవైపు నుంచి పని మొదలుపెట్టాను. పలుచని కాగితం పట్టీ కోసి, గోంద్ దానికే రాసి, తడి తగ్గి వేలికి అంటుకునేదాకా ఆగి, బిస్మిల్లా అని అద్దాను. పైన పీట, పీట మీద ఇటుకలు. వరఖు విడిగా ఉంది కనుక సరిపోయింది, ఖురాన్ మీదైతే ఇటుక పెట్టడానికి చేతులు రావు.

మర్నాడు జొహర్ తర్వాత తీశాం. ఒక మీమ్ కొంచెం పక్కకు జరిగింది, అంతే. షాబాన్ 14, 1370. చెల్లెలు ఫోన్‌లో లెక్క చూసి, 1951 మే నెల అంది.

అబ్బా కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "షబే బరాత్ హల్వా వండుతుంటే పుట్టానని అమ్మీ చెప్పేది. ఊరికే అంటుందనుకున్నా" అన్నారు.

సీసాలో మిగిలిన గోంద్ పిల్లలు పతంగులకు పట్టుకుపోయారు.