సైకిళ్లపై వర్క్‌మన్ దంపతులు

ఫానీ బులక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్ అమెరికాకు చెందిన యాత్రికులు, రచయితలు, పర్వతారోహకులు. హిమాలయాల్లో పేరు తెచ్చుకోకముందు ఈ ఆలుమగలు సైకిళ్ల మీద దేశాలు తిరిగారు. 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో అల్జీరియా, స్పెయిన్, ఆ తర్వాత సిలోన్, భారతదేశం, బర్మా, జావా వారి దారిలోకి వచ్చాయి. మన దేశపు యాత్ర గురించి రాసిన పుస్తకంలో వాళ్లు తొక్కిన దూరాన్ని 14,000 మైళ్లుగా చెప్పుకున్నారు. అంటే దాదాపు 22,500 కిలోమీటర్లు.

ఫానీ 1859లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో పుట్టింది. తండ్రి అలెగ్జాండర్ బులక్ ఆ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేశాడు. విలియం డాక్టరు, ఆమెకంటే పన్నెండేళ్లు పెద్ద. పెళ్లయిన కొత్తలో న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌కు తీసుకెళ్లి ఆమెకు కొండలెక్కడం అలవాటు చేసింది ఆయనే. ఆరోగ్యం దెబ్బతిని విలియం వైద్యవృత్తి మానుకున్నాక కుటుంబం జర్మనీకి మారింది. 1893లో వారి కొడుకు చిన్న వయసులోనే చనిపోయాడు. కూతురు రేచల్ దాదుల దగ్గర, బోర్డింగు బడుల్లో పెరిగింది. ఇరుపక్కల నుంచీ ఆస్తి కలిసిరావడంతో ఏళ్ల తరబడి తిరగడానికి వాళ్లకు డబ్బు ఇబ్బంది లేకపోయింది.

ఈ ప్రయాణాలు సాధ్యం కావడానికి అప్పుడప్పుడే వచ్చిన యంత్రమూ ఒక కారణం. అంతకుముందు వాడుకలో ఉన్న పెద్ద ముందుచక్రం సైకిలు ఎక్కితే పడకుండా దిగడమే కష్టం. పొడుగు గౌను తొడుక్కున్న స్త్రీకి అది అసలే పనికిరాదు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుకు రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, వెనక చక్రాన్ని గొలుసు తిప్పుతుంది. 1888లో డన్‌లప్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. దీంతో గతుకుల దారుల్లోనూ దూరాలు తొక్కడం వీలైంది. పంక్చర్ల బెడద మాత్రం టైరుతోపాటే వచ్చింది.

వారి తొలి సుదీర్ఘ యాత్ర అల్జీరియాలో జరిగింది. అట్లాస్ పర్వతాలు దాటి సహారా అంచుదాకా సాగిన ఆ ప్రయాణం 1895లో పుస్తకమైంది. అక్కడి ప్రకృతి అందాన్ని వర్ణిస్తూనే, ఇళ్లలో ఆడవాళ్లు పడుతున్న బాధలనూ అందులో ప్రస్తావించారు. తర్వాత స్పెయిన్‌లో సుమారు 2,800 మైళ్లు తొక్కారు. రోజుకు సగటున 72 కిలోమీటర్లు, దారి అనుకూలిస్తే 130 దాకా వెళ్లేవారు. ఫానీ హ్యాండిల్‌కు తగరపు టీ కెటిల్ ఒకటి వేలాడుతుండేది. దాంతోపాటు ఒక కొరడా, ఒక రివాల్వరు ఆమె వెంట ఉండేవి. వెంటపడే కుక్కల నుంచి, దారికి అడ్డొచ్చే మనుషుల నుంచి కాపాడుకోవడానికి ఆ జాగ్రత్త.

1897లో ఆసియా ప్రయాణం మొదలైంది. అది రెండున్నరేళ్లు సాగింది. సిలోన్ చూసుకుని, భారతదేశపు దక్షిణ కొస నుంచి ఉత్తరాన హిమాలయాల దాకా వచ్చారు. దేవాలయాలు, శిల్పాలు, పాత కట్టడాలు చూడాలన్నది వారి కోరిక. అందుకోసం రామాయణ మహాభారతాలనూ, జాతక కథలనూ ముందుగా చదువుకున్నారు. వీలైనంతవరకు రైలుమార్గాలకు దగ్గరగా ఉండే రోడ్లు పట్టుకునేవారు. రైలు అందుబాటులో లేని చోట్ల సరంజామా అంతా సైకిలు మీదే. టీ పొడి, పంచదార, బిస్కట్లు, జున్ను, డబ్బాల మాంసం, నీళ్లు, దిండ్లు, తలా ఒక దుప్పటి, రాసుకోవడానికి కాగితాలు, మందులు, రిపేరు సామాను.

ఎండ, దోమలు, దొరకని తిండి, రాత్రి బసలో ఎలుకలు అన్నీ భరించారు. అన్నిటికంటే ఎక్కువ కాలం తినేసింది పంక్చర్లే. ఒక్కోరోజు 40 దాకా పడేవి. పంక్చరు పడిన ప్రతిసారీ టైరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి పోతున్న చోటు వెతికి, గరుకుచేసి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించి, మళ్లీ గాలి కొట్టాలి. ఒక్కో ప్యాచ్‌కు పావుగంట వేసుకున్నా, 40 పంక్చర్లంటే పది గంటల పని. అలాంటి రోజున విసుగు జంటలో ఎవరో ఒకరి మీదికి మళ్లడం తేలిక. అయినా ఇద్దరూ రెండున్నరేళ్లు కలిసే తొక్కారు.

1898 వేసవిలో మైదానాల ఎండ తప్పించుకోవడానికి సైకిళ్లు పక్కనపెట్టి పశ్చిమ హిమాలయాలకు, కారకోరం వైపుకు నడిచి వెళ్లారు. కనుమలు దాటిన ఆ నడకతో వారి దృష్టి చక్రాల నుంచి మంచుకొండల మీదికి మళ్లింది. తర్వాతి యాత్రల్లో ఇద్దరూ పని పంచుకున్న తీరు గమనించదగ్గది. ఒక ఏడాది ఒకరు ఏర్పాట్లు చూస్తే, రెండోవారు కొలతలు, పరిశీలనలు చేసేవారు. మరుసటిసారి ఆ బాధ్యతలు తారుమారయ్యేవి. పుస్తకాలు ఎనిమిదీ ఇద్దరి పేర్లతోనే వచ్చాయి. కొన్నిటి మీద ఆమె పేరు ముందుంది, కొన్నిటి మీద ఆయన పేరు.

వారి రాతల్లో లోపాలూ ఉన్నాయి. స్థానికుల గురించి మాట్లాడేటప్పుడు వలసపాలన కాలపు దొరతనం బయటపడుతుంది. మోత కూలీలతో తరచూ గొడవలు పడ్డారు. ఆ కూలీల కష్టాన్ని అర్థం చేసుకోవడంలో ఇద్దరూ విఫలమయ్యారు. గుళ్లూ గోపురాలూ చూసిన శ్రద్ధ మనుషుల మీద అంతగా లేదు. ఈ పుస్తకాలు చదివేవారు వర్ణనలను, అభిప్రాయాలను వేరుచేసి చూసుకోవాలి.

1906లో హిమాలయాల్లోని నున్ కున్ ప్రాంతంలో పినాకిల్ పీక్ ఎక్కి ఫానీ స్త్రీలలో ఎత్తు రికార్డు నెలకొల్పింది. 1934 దాకా దాన్ని ఏ స్త్రీ దాటలేదు. 1912లో సియాచిన్ ప్రాంతంలో దాదాపు 21,000 అడుగుల ఎత్తున, స్త్రీలకు ఓటుహక్కు కోరే పత్రికను చేతపట్టుకుని ఫోటో దిగింది. 1925లో ఆమె, 1937లో విలియం కన్నుమూశారు. వూస్టర్‌లోని సమాధి ఫలకం ఇద్దరినీ హిమాలయ అన్వేషకులుగానే పేర్కొంటుంది. అందులో సైకిలు మాట లేదు. కానీ భార్యాభర్తలు సమాన భాగస్వాములుగా పనిచేసే పద్ధతి వారికి అలవడింది మాత్రం సైకిలు యాత్రల్లోనే.