కాలువ నడక

మాది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన తరువాత, ఎడమ కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి ఎందరో తెలుగు రైతులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారిలో మా తాతయ్య ఒకరు. మాకు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. రెండింటికీ అన్నం పెట్టింది ఆ కాలువే.

గొట్టంలోని నీటిని పంపుతో మిట్టకు కూడా ఎక్కించవచ్చు. కాలువ సంగతి వేరు. దాని నీటి పైభాగం గాలికి తెరచి ఉంటుంది. నెట్టేవారెవరూ ఉండరు. వాలే దానికి ఆధారం. ఆ వాలు మన కంటికి ఆనదు. నీటికి మాత్రం తెలుస్తుంది. అడుగు, గట్లు నీటి వడిని తగ్గిస్తాయి. మేము వేపాకులు వేసి చూసేవాళ్ళం. గట్టు పక్కన వేసిన ఆకు వెనుకబడేది. నడుమ వేసినది ముందుకు సాగిపోయేది.

నీటి మధ్యచ్ఛేద వైశాల్యాన్ని సగటు వేగంతో గుణిస్తే ప్రవాహం ఎంతో తెలుస్తుంది. వెడల్పు 2 మీటర్లు, లోతు 1 మీటరు, వేగం సెకనుకు అర మీటరు అయితే సెకనుకు 1 ఘనపు మీటరు, అంటే 1000 లీటర్ల నీరు పారుతుంది.

ఈ వేగాన్ని లెక్కించడానికి 1889లో ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఆయన పేరుతో పిలిచే సూత్రాన్ని నేటికీ వాడుతున్నారు. దాని ప్రకారం వాలు, లోతు మారకుండా గరుకుతనం రెట్టింపైతే వేగం సగమవుతుంది. కాలువలో తుంగ, గడ్డి పెరిగితే జరిగేది ఇదే. నీటి మట్టం పైకి లేస్తుంది, నడక మందగిస్తుంది. నిండుగా కనిపించే కాలువ ఎక్కువ నీటిని మోస్తున్నదని అనుకోరాదు.

ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. దాని చివరి భూములు మాన్వి, రాయచూరు ప్రాంతాలలో ఉన్నాయి. మొదట జొన్న, పత్తి వంటి తక్కువ నీటి పంటలకే ఎక్కువ నీరు కేటాయించారు. తరువాత ఎగువన వరి విస్తరించింది. చివరి రైతులకు ఎదురుచూపులు మిగిలాయి. వారి పైరు ఎండడానికి వాన లోపమొక్కటే కారణం కాదు. ఎగువ తూములో అదనంగా మళ్ళిన నీరు, తీయని పూడిక, కోయని గడ్డి కూడా కారణాలే.

"నీరు మనదనుకోకు, మన మీదుగా పోతున్నదనుకో" అనేవాడు తాతయ్య. ఏటా నీరు వదలకముందే మా బోదెలో గడ్డి కోయించేవాడు. మా పొలం తడిశాక తూము మూసేవాడు. అక్కడి నుండి ఆ నీరు నడవవలసిన దూరం ఇంకా చాలా ఉంది.