దేశభక్తికి సాక్ష్యం ఎవరు చెప్పాలి?

కొల్లూరు ఒకప్పుడు మెదకు జిల్లాలో వొక పల్లె. నేడది సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగురోడ్డు పక్కన, పెద్ద పెద్ద మేడల నీడలో వుంది. 2023 జూన్‌లో ఇక్కడ పేదలకోసం కట్టిన 15,660 ఇళ్ళ కాలనీని ప్రభుత్వం ప్రారంభించింది. హైదరాబాదు బస్తీలనుంచి వచ్చినవారు అందులో కాపురాలున్నారు. మేడలు కట్టటానికి బీహారునుంచీ ఒడిషానుంచీ వచ్చినవారు రేకుల షెడ్లలో వున్నారు. వీరందరి పిల్లలూ, వూరి పాతకాపుల పిల్లలూ కలిసి నా తరగతిలో కూర్చుంటారు. నేను సాంఘికశాస్త్రం చెబుతాను. దేశం ఎట్లా వుంటుందని ఎవరైనా అడిగితే నా తరగతిని చూపించవచ్చు.

2025 సెప్టెంబరు 17 గడిచిన మరునాడు వొక పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, నిన్న మా గల్లీల విమోచన దినం అని జెండా ఎగరేసిండ్రు. ఆఫీసు కాడ ప్రజాపాలన దినం అని రాసిండ్రు. మా తాతేమో విలీనం అంటడు. ఏది నిజం సార్?"

"రేపు చెబుతాను" అని తప్పుకున్నాను. జవాబు తెలియక కాదు. అంతకు గంట ముందు ఉపాధ్యాయుల గదిలో జరిగిన దానివల్ల నా నోరు పెగలలేదు.

మాతో వొక ముస్లిం మిత్రుడు పనిచేస్తున్నాడు. లెక్కలు చెబుతాడు. ఆయన గదిలోకి రాగానే వొక సహోద్యోగి నవ్వుతూ, "ఏం సారూ, నిన్న మీకు పండుగనా, సంతాపమా? జెండాకు దండం పెట్టిండ్రా లేదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆయన కొంచెంసేపు వూరుకుని, "మా తాత దొర గడిల వెట్టి చేసినోడు సార్. నిజాం మాకు చుట్టమేం కాదు" అని, పిల్లల నోటుబుక్కులు తీసుకుని వెళ్ళిపోయాడు. నవ్విన నలుగురిలో నేనూ వున్నాను. నేను గట్టిగా నవ్వలేదని సమాధానం చెప్పుకోవచ్చు. అయినా అది నవ్వే.

ఆ ప్రశ్న మాలో ఇంకెవరినీ ఎందుకు అడగలేదు? ఈ వ్యాసమంతా దాన్నిగురించే.

సెప్టెంబరు 17 చరిత్ర మన పాఠకులకు తెలియనిది కాదు. 1948లో ఆ రోజున నిజాం లొంగిపోయాడు. దశాబ్దాలపాటు మన రాష్ట్ర ప్రభుత్వాలు దాన్ని అధికారికంగా జరపలేదు. 2022లో వొకే నగరంలో రెండు ప్రభుత్వాలు దాన్ని రెండు పేర్లతో జరిపాయి: కేంద్రానికది విమోచన దినం, రాష్ట్రానికి జాతీయ సమైక్యతా దినం. రాష్ట్రంలో ప్రభుత్వం మారటంతో 2024లో పేరుకూడా మారి ప్రజాపాలన దినమైంది. ఇవి చాలనట్టు విలీనమనేవారున్నారు, విద్రోహమనేవారున్నారు. పేరులో తప్పేమీ లేదు. ఆ పేరు చాటున ఎవరిని దాస్తున్నారో, ఎవరిని బోనులో నిలబెడుతున్నారో చూడాలి.

విమోచనం అనేవారు కథను ముస్లిం రాజుకూ హిందూ ప్రజకూ మధ్య జరిగిన పోరాటంగా చెబుతారు. రజాకార్ల దౌర్జన్యం కల్పన కాదు. భైరాన్‌పల్లి ఇంకా మరువలేదు. కాని ఆ రజాకార్లే 1948 ఆగస్టులో షోయబుల్లాఖాన్‌ను నరికి చంపారు. ఆయన ముస్లిం, ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాయటమే ఆయన నేరం. విసునూరు దేశముఖును ఎదిరించి ప్రాణాలిచ్చిన బందగీ కూడా ముస్లిం రైతే. ఆ దేశముఖో, హిందువు. ఈ మూడు సంగతులూ వొక్కచోట చెబితే చాలు, ఆ కథ నిలవదు. అందుకే చెప్పరు.

ఇంకొక సంగతి. పోలీసు చర్య తరవాత జరిగిన హత్యాకాండను విచారించటానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా లెక్క వేసినా 27 వేలనుంచి 40 వేలమంది చనిపోయారన్నది. ఎక్కువగా నష్టపోయిన జిల్లాలలో బీదరు వొకటి. మన జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు 1956 దాకా బీదరులోవే. కాబట్టి ఇది ఎక్కడిదో కథ కాదు. మన వేదికలమీద అమరవీరుల పేర్లు చదివినంత గట్టిగా మనం ఆ లెక్క చదవం. ఈ తప్పు మనదికూడా.

ఇక అసలు విడ్డూరం చూడండి. 1950 జనవరి 26న భారతదేశం గణతంత్రమయింది. ఆ రోజున హైదరాబాదు రాజప్రముఖ్ పదవి ఎవరికి దక్కింది? నిజాంకు. అదే రోజున, ఆ నిజాంను ఎదిరించిన రైతుబిడ్డలు అడవుల్లోనూ జైళ్ళలోనూ వున్నారు. వారిమీది ముద్ర దేశద్రోహం. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. కొద్ది నెలలకే ఎన్నికలొస్తే రావి నారాయణరెడ్డికి నల్లగొండ ప్రజలు నెహ్రూకు పడినవాటికన్నా ఎక్కువ ఓట్లు వేశారు. ముద్ర వేసింది ప్రభుత్వం, దాన్ని చెరిపింది ప్రజలు. ప్రజాస్వామ్యానికి నాకు తెలిసిన మంచి నిర్వచనం ఇదే.

ఆ ముద్ర వేసే పద్ధతి మాత్రం పోలేదు. 1922లో గాంధీని శిక్షించిన 124ఏ సెక్షను స్వాతంత్ర్యం వచ్చాక కూడా నిలిచింది. హింసకు పురిగొల్పనంతవరకు ప్రభుత్వాన్ని ఎంత కటువుగా విమర్శించినా రాజద్రోహం కాదని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా విమర్శకులమీద కేసులు ఆగలేదు. 2022 మేలో ఆ కోర్టే సెక్షను అమలును ఆపించింది. 2024 జూలైలో వచ్చిన కొత్త సంహితలో దేశ ఐక్యత, సార్వభౌమత్వం పేరిట 152వ సెక్షను వుంది. ప్రభుత్వాన్నీ దేశాన్నీ వొకటిగా చూపగలిగినన్నాళ్ళు, ప్రశ్నించినవాడే ముద్దాయి అవుతాడు. మా ఉపాధ్యాయుల గదిలో జరిగింది దాని చిన్న రూపమే. అక్కడ సెక్షను అక్కరలేదు, నవ్వు సరిపోయింది.

మరి నిజంగా సాక్ష్యం చెప్పవలసినవారెవరు? పటాన్‌చెరు దాటితే పాశమైలారం. 2025 జూన్ 30న అక్కడ మందులకు కావలసిన పొడి తయారుచేసే కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిషా కూలీలున్నారు. శరీరాలను గుర్తించటానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యవలసి వచ్చింది. కొందరి ఆనవాలే దొరకలేదు. ఆ రోజుల్లో నేను నష్టపరిహారం అన్న మాట విన్నాను, విచారణ అన్న మాట విన్నాను. దేశభక్తి అన్న మాట ఎవరి నోటా వినలేదు. ఇంతమంది దేశప్రజలు కాలిపోతే అది దేశానికి సంబంధించిన విషయంగా తోచలేదన్నమాట!

గురజాడ దేశభక్తి గేయం రాసిననాడు మనది పరాయిపాలన. శత్రువును తిడుతూ రాయటం సులభమే. ఆయన మాత్రం పంటనూ, తిండినీ, చేతిపనినీ, పొరుగువాణ్ణీ గురించి రాశాడు. ఆ గేయం పిల్లలచేత వల్లె వేయిస్తాం. దాన్నిబట్టి ఏ యజమానినీ, ఏ మంత్రినీ పరీక్షించం. పరీక్ష లెక్కల మాస్టారుకే.

మర్నాడు తరగతిలో ఈ సంగతులన్నీ పిల్లలకు చెప్పాను. "ఏ పేరు నిజమో మీరే ఆలోచించండి. ఆ పేరు చెప్పి ఎవరైనా మీ పక్కవాణ్ణి సాక్ష్యం అడిగితే మాత్రం, అడిగినవాణ్ణి ముందు అడగండి" అన్నాను. తరవాత వరండాలో ఆ మిత్రుణ్ణి ఆపి, మొన్న నవ్వినందుకు క్షమించమన్నాను. "జానేదో సార్" అన్నాడాయన.

ఆయన పోనివ్వవచ్చు. కాని అవమానం నలుగురిలో జరిగింది, నేను క్షమాపణ చెప్పింది ఎవరూ లేనిచోట. అది సగం పనే. ఈ సంచిక అందగానే ఉపాధ్యాయుల గదిలో బల్లమీద పెట్టి, మిగతా సగం అందరిముందూ చెబుతాను.