గుడారానికి అద్దె లేని అడవి

అమెరికాలో అరిజోనా రాష్ట్రమంటే ఎడారి అనే మనం వింటాము. కాని దాని ఉత్తర భాగంలో, సుమారు 7,000 అడుగుల ఎత్తున, ఫ్లాగ్‌స్టాఫ్ అనే పట్టణం ఉన్నది. చుట్టూ ఆకాశాన్నంటే పాండరోసా పైన్ చెట్లు. చలికాలంలో మంచు కురుస్తుంది. ఈ అడవి పేరు కోకోనినో జాతీయ అరణ్యం. విస్తీర్ణం దాదాపు 18 లక్షల ఎకరాలు. ఇందులో చాలా చోట్ల ఎవరైనా సరే, పైసా చెల్లించకుండా గుడారం వేసుకొని రాత్రులు గడపవచ్చును.

జాతీయ పార్కు వేరు, జాతీయ అరణ్యం వేరు. దగ్గరలోనే ఉన్న గ్రాండ్ కాన్యన్ పార్కులోనికి వెళ్ళడానికి రుసుము ఉంది. అక్కడ గుడారం వేయాలంటే అనుమతి కావాలి. అరణ్యమైతే ప్రజలందరి ఉమ్మడి భూమి, అటవీశాఖ దానిని చూచుకొంటుంది. మన ఊరి పోరంబోకు వంటిదే అనవచ్చును గాని, పోరంబోకును ముందుగా ఎవరు దున్నితే వారిదైపోవడం మనం చూస్తున్నాము కదా! అక్కడ 30 రోజులలో 14 రోజులకు మించి ఎవరూ ఉండకూడదు. పేదవాడైనా కోటీశ్వరుడైనా గుడారం విప్పవలసిందే.

స్థలం వెదకడానికి ఫారెస్టు ఆఫీసులో ఒక పటం ఉచితంగా ఇస్తారు. బండి ఏ రోడ్డున పోవచ్చునో అందులో ఉంటుంది. కొన్ని రోడ్ల ప్రక్కన 300 అడుగుల లోపలి వరకు బండి తీసుకొనిపోయి దిగవచ్చును. ఆ గుర్తు లేనిచోట రోడ్డుకు 30 అడుగుల లోపునే బండి ఆపి, సామాను మోసుకొని నడవాలి. పట్టణానికి ఆనుకొని ఉన్న కొన్ని చోట్ల, సెడోనా చుట్టుప్రక్కల గుడారాలు నిషేధం. కొత్తగా నేల చదును చేయకుండా, ఇంతకు ముందు ఎవరో దిగిన చోటనే దిగడం పద్ధతి.

మరుగుదొడ్డి ఉండదు. నీటికి, దారికి, గుడారానికి 200 అడుగుల దూరం పోయి, ఆరు నుండి ఎనిమిది అంగుళాల గుంట త్రవ్వి పూడ్చాలి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయుల పాళెమునకు ఇచ్చిన ఆజ్ఞ ఇదే గదా! ఆ అధ్యాయం మీద ప్రసంగం చేయడానికి మనకు సిగ్గు, అక్కడ అది అటవీశాఖ నియమం.

పశువులున్న పాఠకులకు నచ్చే నియమం ఇంకొకటి ఉంది. వన్యమృగాలకు గాని పశువులకు గాని అందుబాటులో ఒకటే నీటిగుంట ఉంటే, వాటి దారికి అడ్డమయ్యేలా దానికి పావు మైలు లోపున దిగడం అరిజోనా చట్టం ప్రకారం నేరం. మనిషి వాసన తగిలితే జింక దాహంతోనే తిరిగిపోతుంది. గెరారు లోయలో ఇస్సాకు బావుల కోసం జరిగిన జగడాలు అక్కడ నాకు గుర్తుకు వచ్చాయి.

మేము వెళ్ళినది జూన్ మాసం. వర్షాలు జూలైలో గాని మొదలుకావు, అడవి ఎండి గలగలలాడుతున్నది. నిప్పు నిషేధమని బోర్డు పెట్టారు, గ్యాస్ పొయ్యికి మాత్రమే అనుమతి. మా అన్నయ్య మనుమలు మొక్కజొన్న కంకులు తెచ్చుకొన్నారు. “ఒక్క చిన్న మంట, తాతయ్యా, ఎవరు చూస్తారు?” అని బ్రతిమాలారు. నిజమే, కావలివాడు ఎవడూ లేడు. అప్పుడు వాళ్ళ నాన్న ఎదురుగా ఉన్న కొండను చూపించి 2010వ సంవత్సరపు సంగతి చెప్పాడు. ఆ జూన్ 20న ఎవరో ఆర్పకుండా విడిచిపోయిన చలిమంట నుండి షుల్ట్జ్ అగ్నిప్రమాదం పుట్టి సుమారు 15,000 ఎకరాలు కాలిపోయాయి. అంతటితో ఆగలేదు. చెట్లు లేని వాలు మీద జూలైలో వాన కురిసినప్పుడు బూడిద, రాళ్ళతో వరద క్రింది ఇండ్ల మీదికి వచ్చింది. ఆ వరదలో 12 ఏండ్ల బాలిక కొట్టుకొనిపోయి మరణించింది. ఆ చలిమంట వేసినవారు ఆ పాప ముఖమైనా చూచి ఉండరు.

పిల్లలు మరి అడగలేదు. కంకులను గ్యాస్ పొయ్యి మీద ఉడికించి తిన్నాము. ఆ ఎత్తున జూన్ రాత్రి కూడా చలి; దుప్పట్లు ఎక్కువే కావలసి వచ్చాయి.

నిషేధం లేని రోజులలో మంట వేసేవారు నేలపై పడిన ఎండుపుల్లలే ఏరుకోవాలి. వెళ్ళేముందు నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేయి పెట్టి చూడాలి. చేతికి వేడి తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. అందుకే త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నీళ్ళు తీసుకొనిపోతూ, నిప్పు కోసం వేరుగా ఒక డబ్బా నింపుకొంటారు.