టు-లెట్ బోర్డు

2016 జూన్‌లో హైదరాబాద్ టోలీచౌకిలోని మా ఇంటి పై వాటా ఖాళీ అయింది. గేటుకి టు-లెట్ బోర్డు కట్టిన మర్నాడే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకడు మనవాడే, స్నేహితుడికి తోడొచ్చాడు. ఇల్లు కావలసినవాడు సూడాన్ నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన పిల్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చెప్పులు మెట్ల కిందే విడిచాడు. అద్దె ఎంతని అతను అడగకముందే, "ఇచ్చేశాం బాబూ, పొద్దున్నే అడ్వాన్సు తీసుకున్నాం" అన్నాను. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, మా ఆవిడ కూడా నమ్మేసి వంటింట్లోంచి "ఎవరికిచ్చారండీ?" అని కేకేసింది.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం వరండాలో కూర్చుని ఉండగా అతను అటుగా వెళ్తూ ఆగాడు. బోర్డు వంక చూశాడు. నా వంక చూశాడు. "నమస్తే అంకుల్" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం, బోర్డు తీసి లోపల పెట్టాల్సింది అనుకున్నాను. అంతే.

కారణాలు లేకపోలేదు. టీవీలో డ్రగ్స్ వార్తలు, పక్కింటివాళ్ళు ఏమంటారో, రాత్రిళ్ళు గోలేమో. చివరికి ఆ వాటాలో దిగింది మా జిల్లా దంపతులే. ఏడాది తిరక్కముందే రెండు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి వెళ్ళిపోయారు. ఆ సంగతి ఎందరికో చెప్పుకున్నాను గానీ, "ఆ జిల్లావాళ్ళంతా అంతే" అని ఒక్కసారీ అనలేదు. నాదీ ఆ జిల్లాయే మరి.

తమాషా ఏమిటంటే నా ఉద్యోగమంతా మాసాబ్‌ట్యాంక్ దగ్గరే గడిచింది. పక్కనే ఏసీ గార్డ్స్. కొత్తలో ఆ పేరు విని ఎయిర్ కండిషనర్లతో ఏదో సంబంధం ఉందనుకునేవాణ్ణి. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని తర్వాతెప్పుడో తెలిసింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకి చేరిన ఆఫ్రికా రౌతులు కాపురమున్న పేట అది. రాజ్యం పోయాక దళమూ పోయింది. వాళ్ళ సంతతి సిద్దీలు మాత్రం ఈ ఊరివాళ్ళుగానే ఉండిపోయారు. మా అన్నయ్య కొడుకు పెళ్ళి బరాత్‌కి సిద్దీల మర్ఫా మేళం నేనే మాట్లాడాను. ఆ డప్పుకి నేనూ నాలుగు అడుగులు వేశాను. ఆ సూడాన్ పిల్లాణ్ణి మాత్రం నా మేడ మీదికి రానివ్వలేదు.

ఈ రంగు పట్టింపు నాలోకి ఎప్పుడు చేరిందని వెతికితే మా ఇంటి పెరట్లోనే దొరికింది. అమ్మ మా చెల్లికి ప్రతి ఆదివారం శనగపిండి, పసుపు కలిపి నలుగు పెట్టేది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు "నలుపే గానీ కళ గల పిల్ల" అన్నారు. మెచ్చుకున్నారనే సంబరపడ్డాం. ఆ "గానీ" చెల్లి ఒక్కతికే వినబడి ఉంటుంది.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం ఒలేథాలోని ఓ బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. పక్కనున్న మిత్రుడు అలోక్ గాయాలతో బతికాడు, ఆపబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్‌కీ తూటా తగిలింది. డల్లాస్‌లో ఉన్న మావాడికి ఫోన్ చేసి, బయట తెలుగులో మాట్లాడకురా అని వాళ్ళమ్మ ఏడ్చింది. ఫోన్ నేను తీసుకుని, "పాపం, మనవాణ్ణి ఇరాన్ వాడనుకుని చంపేశాడటరా" అన్నాను.

"ఇరాన్ వాడైతే చంపొచ్చా నాన్నా?"

జవాబు చెప్పలేక ఫోన్ మళ్ళీ వాళ్ళమ్మ చేతికిచ్చాను.

నెల తిరిగేసరికి గ్రేటర్ నోయిడా. ఒక కుర్రాడి మరణానికి నైజీరియావాళ్ళే కారణమని పుకారు పుట్టింది. మనుషుల్ని తింటారని కూడా అన్నారు. మాల్‌లో ఒక నల్లజాతి విద్యార్థిని గుంపుగా చేరి కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొడుతున్న వీడియో టీవీలో వేశారు. నా నోటిదాకా "వాళ్ళూ తక్కువవాళ్ళేం కాదులే" అని వచ్చింది. నేల మీద పడి చేతులు అడ్డం పెట్టుకుంటున్న ఆ పిల్లాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడో లేదో నాకు గుర్తులేదు. వేసుకున్నట్టే అనిపించింది. ఆ మాట మింగేశాను.

ఆ తర్వాత సూడాన్ కుర్రాడి కోసం మా వీధుల్లో చూసేవాణ్ణి. కనబడితే ఏం చెప్పాలో తెలియదు. కనబడలేదు కూడా. ఈపాటికి చదువైపోయి వెళ్ళిపోయి ఉంటాడు.

కిందటి నెల వాటా మళ్ళీ ఖాళీ అయింది. బ్రోకర్ ఫోన్ చేసి, "ఆఫ్రికా స్టూడెంట్స్ అయితే ఓకేనా సార్?" అని అడిగాడు. "ఓకే" అన్నాను. అనేముందు ఒక్క క్షణం ఆగాను. అతని వృత్తే అది కదా, ఆ క్షణాన్ని కూడా విన్నాడు.

"సరే సార్, ఫ్యామిలీస్‌నే పంపిస్తాలెండి" అని పెట్టేశాడు.

నేనే మళ్ళీ ఫోన్ చేయాల్సి వచ్చింది.