నాలుగు మిల్లీమీటర్ల గట్టు



ఈ మధ్య మన హాస్టల్లో ఎవరి దువ్వెన పోయినా ముందు నన్నే అడుగుతున్నారు. నిజం చెప్పేస్తున్నాను. నేను తీసుకున్నవి మూడే మూడు. మూడూ పళ్ళు ఊడిపోయినవే, మూడూ చెత్తబుట్టలోంచి ఏరుకున్నవే. వాటితో ఏం చేశానో, చేస్తూ చేస్తూ ఎంత తెలివితక్కువ పని చేశానో గోడపత్రికకి రాయమని లెక్కల మాస్టారు అన్నారు. అందుకే రాస్తున్నాను. నవ్వితే నవ్వండి గానీ చివరి దాకా చదవండి.

సైన్స్ ఫెయిర్‌కి మా తరగతి నుంచి ఏదో ఒకటి చెయ్యాలన్నప్పుడు కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇంకుడు గుంత అన్నారు. నేను రైలు స్టేషన్ అన్నాను. మా ఊరికి దగ్గర్లో కొత్తవలస - కిరండూల్ లైను మీద ఒక చిన్న స్టేషన్ ఉంది. మా మామ్మ అక్కడే పళ్ళు అమ్ముతుంది. సీతాఫలాల రోజుల్లో సీతాఫలాలు, పనస రోజుల్లో పనస తొనలు, ఏవీ లేనప్పుడు జామకాయలు. నేను నడక రాకముందు నుంచీ ఆ స్టేషన్‌కి వెళ్తున్నాను. "నాకు తెలియనిది ఏముంది అందులో, కళ్ళు మూసుకుని చేసేస్తాను" అని అందరి ముందూ అన్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

లెక్కల మాస్టారు మొదట అడిగింది, "ఎంత కొలతలో చేస్తావు?" అని. నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పారు. ఇతర దేశాల్లో పెద్దవాళ్ళు కూడా బొమ్మ రైళ్ళూ స్టేషన్లూ చేస్తారట. వాళ్ళు ఎక్కువగా వాడే కొలత 1:87. అంటే అసలు దాన్ని 87 వంతులు చేసి ఒక వంతు తీసుకోవడం. దాన్ని హెచ్‌ఓ అంటారు. నాకు 87తో భాగహారం అంటే ఏడుపొచ్చింది. "అయితే 1:100 తీసుకో. మీటరుకి ఒక సెంటీమీటరు. నీ స్కేలే నీకు లెక్క చెప్తుంది" అన్నారు మాస్టారు.

ఇందులో ఒక తమాషా ఉంది. మన బ్రాడ్‌గేజి రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 100తో భాగిస్తే 16.76. ఆ హెచ్‌ఓ వాళ్ళ బొమ్మ పట్టాల మధ్య దూరం 16.5. చూశారా, ఎంత దగ్గరగా వచ్చిందో!

లెక్క తెలిశాక అన్నిటినీ 100తో భాగించడం నాకు పిచ్చి అయిపోయింది. అన్నం తింటూ కూడా భాగించాను. విశాఖపట్నం నుంచి అరకు రైలు దారి సుమారు 130 కిలోమీటర్లు. మా కొలతలో అది 1.3 కిలోమీటర్లు, అంటే మన హాస్టల్ నుంచి సంత దాకా. మా లైనులోనే ఉన్న శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు మన దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే ఎత్తయినదని చెప్పేవారు. 2009లో కాశ్మీర్‌లో ఖాజీగుండ్ స్టేషన్ వచ్చింది, అది 1,700 మీటర్ల పైనే. సరే, సముద్రాన్ని కూడా మా కొలతలోనే చెయ్యాలంటే సముద్రం నేల మీద ఉంచి, శిమిలిగూడని దాదాపు 10 మీటర్ల పైన పెట్టాలి. మన మేడ సరిపోదు.

మాకు దొరికింది విరిగిన మంచం చెక్క. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45. అంటే అసలు స్టేషన్లో 90 మీటర్లు. రైలు పెట్టె ఒక్కటే 21 మీటర్లకు పైన ఉంటుంది. కాబట్టి మా చెక్క మీద బండి మొత్తం పట్టదు. ఒక్క పెట్టె చేద్దామనుకున్నాం.

దసరా సెలవుల్లో స్టేషన్ కొలిచాను. గోడెక్కి కొలవలేం కదా, దానికి మాస్టారు ఉపాయం చెప్పారు. మామూలు తలుపు రెండు మీటర్ల పైన ఒక పది సెంటీమీటర్లు ఉంటుంది. ఒక్క తలుపు కొలిస్తే చాలు, గోడ దానికి ఎన్ని రెట్లో కంటితో చూసుకోవచ్చు. పొడవు అడుగులతో నడిచి లెక్కపెట్టాను. గది పన్నెండు మీటర్లు, వెడల్పు అయిదు. కిటికీలు నాలుగు. నేను ఎప్పుడూ మూడే అనుకునేదాన్ని.

ఇక ప్లాస్టిక్ సంగతి. మన హాస్టల్లో కరెంటు వైర్లు మార్చినప్పుడు తెల్లటి కేసింగ్ పట్టీల ముక్కలు మూల పడేసి వెళ్ళారు. అదంతా పీవీసీ. మా గోడలు అవే. ముక్క ఎంత మందమో చిన్న స్కేలు మీద తెలియదు. పది ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి కొలిస్తే 12 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఒక్కోటి 1.2. ఇది కూడా మాస్టారు చెప్పిందే.

దాన్ని బ్లేడుతో పూర్తిగా కొయ్యక్కర్లేదు. స్కేలు ఆనించి రెండు మూడుసార్లు గట్టిగా గీత గీసి, బల్ల అంచున పెట్టి విరిస్తే గీత దగ్గరే తిన్నగా విరుగుతుంది. ఈ సంగతి తెలియక మొదట్లో వేళ్ళు కోసుకున్నాను. వార్డెన్ మేడం బ్లేడు లాగేసుకున్నారు. తర్వాత ఆవిడే దగ్గర కూర్చుంటానని చెప్పి తిరిగి ఇచ్చారు.

తెల్ల గమ్ము పెడితే ప్లాస్టిక్ అంటుకోలేదు. ఆ గమ్ములో నీళ్ళు చెక్కా కాగితమూ పీల్చుకుంటాయి, ప్లాస్టిక్ పీల్చుకోదు. నీళ్ళ పైపులు అతికించే గమ్ము తెచ్చారు మాస్టారు. అది పీవీసీని పైపైన కరిగిస్తుంది. కరిగిన రెండు ముక్కలూ ఆరాక ఒక్కటే ముక్క అయిపోతాయి. వాసన ఘాటు. అందుకని కిటికీలు తెరిచి, మాస్టారు ఉన్నప్పుడే వాడాం.

కిటికీ అద్దాలు మిఠాయి పెట్టె మూతవి. సిగ్నల్ స్తంభం రీఫిల్లు. నీళ్ళ ట్యాంకు టానిక్కు సీసా మూత. కంచె, ఆ మూడు దువ్వెనలు. పట్టాలు మాత్రం గొడుగు ఊచలు. స్లీపర్లు అసలువి 60 సెంటీమీటర్లకి ఒకటి ఉంటాయి, మాకు 6 మిల్లీమీటర్లకి ఒకటి. చెక్క పొడవుకి 150 కావాలి. ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు నలుగురు కూర్చుని 150 కోశారు. వాళ్ళ పేర్లు సైన్స్ ఫెయిర్ కాగితంలో లేవు, అందుకని ఇక్కడ చెప్తున్నాను.

ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చేసరికి చూస్తే నా పుస్తకంలో దాని ఎత్తు లేదు. కొలవడం మర్చిపోయాను. ప్లాట్‌ఫారాలు మూడు రకాలని మాస్టారు చూసి చెప్పారు. పట్టాల మట్టానికే ఉండేవి, తక్కువ ఎత్తువి, ఎక్కువ ఎత్తువి. తక్కువవి 455 మిల్లీమీటర్లకి మించవు. ఎక్కువవి 760 నుంచి 840 దాకా. "మీ ఊరిది ఏది?" అన్నారు. నేను ఆలోచించనైనా లేదు. "ఎత్తుదే సార్" అన్నాను. విశాఖపట్నం స్టేషన్ అలాగే ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. 840 అంటే 8.4 మిల్లీమీటర్లు. ఏడు పట్టీలు వేస్తే సరిగ్గా 8.4! లెక్క కుదిరింది కాబట్టి నిజమే అనుకున్నాను. ఏడూ అతికించి, దాని మీద స్టేషన్ గది నిలబెట్టి, పక్కన నీలం రంగు పెట్టె పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫెయిర్ ఇంకా అయిదు రోజులుందనగా ఆదివారం మామ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. మామ్మకి అక్షరాలు రావు. బోర్డు మీద స్టేషన్ పేరు మూడు భాషల్లో రాశాను గానీ ఆవిడ బోర్డు చూడలేదు. వంగి, పెట్టెకీ ప్లాట్‌ఫారానికీ మధ్య చాలాసేపు చూసింది.

"ఏటే పిల్లా, ఇది ఏ ఊరి టేసను?"

"మనదే మామ్మా."

"మనది కాదే. ఇంత ఎత్తు గట్టు మన టేసన్లో ఎక్కడ సూసినావు? మన గట్టు పట్టాలకాడినుంచి నా మోకాలి దాకా ఉంటాది. కిటికీ నా తలకాడ ఉంటాది. బుట్ట నెత్తి మీదనుంచి ఇంకా పైకెత్తితేగానీ లోపలోళ్ళకి కాయ కనపడదు. ఇంత గట్టే ఉంటే నా మెడలు ఇలాగెందుకు అయిపోతాయే?"

నాకు మాట రాలేదు. మామ్మ మెడకి రోజూ రాత్రి నేనే నూనె రాసేదాన్ని. బుట్ట ఎత్తడం ఎన్నో వందలసార్లు చూశాను. ఇక్కడికొచ్చి స్టేషన్ కడుతూ ఆ ఎత్తే చేతులు నాకు గుర్తు రాలేదు. ఫొటోలో విశాఖపట్నం గుర్తొచ్చింది.

మా నాన్న స్టేషన్ మాస్టరు గారిని అడిగి, బండి లేని వేళ తాడుతో కొలిచి, తాడుకి ముడి వేసి, మంగళవారం బస్సులో పంపించాడు. ముడి దాకా స్కేలు పెట్టాను. 45 సెంటీమీటర్లు. మామ్మ మోకాలు సరిగ్గానే చెప్పింది. మా కొలతలో 4.5 మిల్లీమీటర్లు. నేను పెట్టింది 8.4. తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, మన వేలిగోరులో సగం.

"ఉంచెయ్యవే, ఎవరికి తెలుస్తుంది" అన్నారు మా తరగతిలో చాలామంది. మాస్టారు కూడా "ఇంక టైం లేదమ్మా, నీ ఇష్టం" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికీ తెలియదు, నిజమే. కానీ మామ్మకి తెలుసు. చదువుకున్న మనవరాలు కట్టిన స్టేషన్లో మామ్మ చేతులు ఎత్తక్కర్లేదు, మెడ నొప్పి ఉండక్కర్లేదు. అంటే ఆ స్టేషన్లో మామ్మ లేనట్టే. పోనీ అంత ఎత్తు గట్టు ఉంటే మంచిదే కదా అని కూడా అనిపించింది. కానీ నేను చేసింది ఉన్న స్టేషన్ అని కాగితం మీద రాశాను. ఉండాల్సిన స్టేషన్ అని రాయలేదు.

మూడు పట్టీలు ఊడదీస్తే చాలు, మిగతా నాలుగూ 4.8, కాస్త గరుకు కాగితంతో రుద్దితే 4.5 అని లెక్క వేశాను. కానీ ఊడితే గదా! ఆ గమ్ము రెండు ముక్కల్ని ఒక్కటి చేస్తుందని నేనే పైన రాశాను. రంపపు బ్లేడుతో కోస్తుంటే గది గోడ విరిగింది, నాలుగు కిటికీల్లో రెండు పోయాయి. ఏడ్చాను. వార్డెన్ మేడం స్టడీ అవర్ అయ్యాక రెండు రాత్రులు ఒక గంట లైటు ఉండనిచ్చారు. మళ్ళీ గోడ కోశాం, మళ్ళీ అతికించాం. చివర్లో రీఫిల్లు ముక్కతో ఒకటిన్నర సెంటీమీటర్ల మామ్మని చేశాను. టూత్‌పేస్టు మూతలోంచి కోసిన చిన్న బుట్ట, పైకెత్తిన చేతుల్లో పెట్టాను. బుట్ట సరిగ్గా కిటికీ దగ్గరికి వచ్చింది. అప్పుడు నాకు కొలత సరిపోయిందని తెలిసింది.

ఫెయిర్‌లో జడ్జిగారు ఒకాయన, "ప్లాట్‌ఫారం ఇంత కిందికి ఉందేమమ్మా, సామాను చాలలేదా?" అని అడిగారు. నేను తాడు చూపించాను. ఈ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి వేశారని సాంఘిక శాస్త్రం టీచర్ చెప్పింది చెప్పాను. ఖనిజం బండికి గట్టుతో పనిలేదు, ఎక్కేదీ దిగేదీ అమ్మేదీ మనుషులే కదా అన్నాను. ఆయన వంగి మామ్మని చూశారు. "రైలు కదలదా?" అన్నారు. కదలదు అన్నాను. మాకు బహుమతి రాలేదు. కదిలే వాటికి వచ్చింది.

మొన్న ఆదివారం మామ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువ చూడలేదు. బుట్ట మీద వేలు పెట్టి, "ఇది నానే. కాయలేవే?" అంది. ఆవాలు నాలుగు అంటించమంది. వంటక్కనడిగి అంటించాను.

స్టేషన్ ఇప్పుడు లైబ్రరీ బీరువా మీద ఉంది. చూడండి, గానీ కంచె ముట్టుకోకండి. వచ్చే ఏడాది సొరంగం చేద్దామనుకుంటున్నాను. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మీరు కూడా మీ ఇంటి గడప ఎత్తు ఎంతో, మీ అమ్మ నీళ్ళు తోడే గట్టు ఎత్తు ఎంతో ఒకసారి తాడుతో కొలిచి, ముడి వేసి తీసుకురండి. తెలుసు అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను.

దువ్వెనలు పళ్ళు ఊడితే పారెయ్యకుండా నాకివ్వండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని