చూసే చేతులు

అమెరికాలో బోస్టన్ నగరం పక్కనే వాటర్‌టౌన్ అనే ఊరుంది. అక్కడ, చార్లెస్ నదికి దగ్గరగా, ఎత్తయిన గోపురంతో ఒక బడి కనిపిస్తుంది. అదే చూపులేని పిల్లల కోసం ఏర్పడిన పర్కిన్స్ పాఠశాల. 1832లో బోస్టన్‌లో డాక్టర్ శామ్యూల్ హోవ్ తన తండ్రిగారి ఇంట్లో దీనిని మొదలుపెట్టాడు. 1912లో ఇది ఈ ఊరికి మారింది. హెలెన్ కెల్లర్‌కు చదువు చెప్పిన ఆన్ సలివన్ ఇక్కడ చదివినదే.

ఒకే పెద్ద భవనంలో అందరినీ ఉంచితే వంటా వడ్డనా ఎవరో చేసిపెడతారు. మరి పిల్లలకు ఇంటిపని ఎలా వస్తుంది? 1870లో ఈ బడి ఆడపిల్లలను చిన్న చిన్న ఇళ్ళలో, ఒక్కొక్క కుటుంబంలాగా ఉంచసాగింది. ఇంటిపనులు వాళ్ళే పంచుకుని చేసుకునేవారు.

చూపులేకుండా వంటింట్లో పని ఎలాగంటారా? దానికి చాలా ఉపాయాలున్నాయి. గ్లాసు అంచు లోపలికి వేలు వంచి చల్లని నీళ్ళు పోస్తారు. నీళ్ళు వేలికి తగలగానే ఆపుతారు. వేడి పాలలో వేలు పెట్టరాదు కదా! అందుకు గ్లాసు అంచుకు ఒక చిన్న యంత్రం తగిలిస్తారు. పాలు తాకగానే అది కీచుమంటుంది. ఉప్పు సీసాకు ఒక రబ్బరు బాండూ, పంచదార సీసాకు రెండూ వేస్తే తడిమి పోల్చుకోవచ్చు. కంచాన్ని గడియారమనుకుని, "కూర 12 దగ్గర, అన్నం 6 దగ్గర" అని చెబితే చాలు.

నేర్పే పద్ధతి మరీ ముచ్చటైనది. టీచరు పిల్లవాడి చేతిని పట్టుకుని తిప్పదు. తన చెయ్యి కింద ఉంచి, వాడి చేతిని పైన ఉంచుకుంటుంది. కింది చెయ్యి పిండి కలుపుతూంటే, పై చేతికి ఆ పని తెలుస్తుంది. భయమేస్తే వాడు చెయ్యి తీసేయవచ్చు. ధైర్యం వస్తే తానే కలపవచ్చు.

ఆలస్యమవుతుందనో, ఒలుకుతుందనో పెద్దవాళ్ళే అన్నీ చేసిపెడితే, ఆ పిల్లవాడు పెద్దవాడయినా గ్లాసెడు మంచినీళ్ళకు మరొకరిని పిలవవలసిందే!

మన వంటిళ్ళలో మాత్రం? పోపులో ఆవాలు చిటపటలాడితే చెవికి తెలుస్తుంది. జీలకర్ర వేగితే ముక్కుకు తెలుస్తుంది. మీ ఇంట్లో చూపులేని తమ్ముడో చెల్లెలో ఉంటే, మీరొక సాయం తప్పక చెయ్యండి: తీసిన వస్తువును తీసిన చోటనే పెట్టండి. మీరు పక్కకు జరిపిన గ్లాసు మీకు కనిపిస్తూనే ఉంటుంది. వాళ్ళకు మాత్రం అది మాయమైపోయినట్టే!